ఎగువరేవు పిట్టకథ

ఆ రోజు కూడా కోటిలింగం గారు మొహం కడుక్కొచ్చి, వరండాలో బెంచీ మీద కూర్చుని కూతుర్ని అడిగారు.

"శ్యామలా, మీ అమ్మేదే? నీతో రాలేదా?"

శ్యామల టిఫిను డబ్బా మూత తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

"అమ్మ పోయింది నాన్నా. పధ్నాలుగు నెలలైంది. కిడ్నీలు పాడయ్యాయి. పదిహేడు రోజులు ఆస్పత్రిలో ఉంది. నేను పక్కనే ఉన్నాను."

బస్సులో ఊళ్ళ పేర్లు పిలిచే కండక్టరు గొంతులా ఉంది ఆ గొంతు. ఆ పిల్లని తప్పు పట్టటానికి లేదు. అదే మాట నాలుగు వందల పైచిలుకు సార్లు చెప్పింది. వినే మనిషికి మాత్రం ప్రతిసారీ అది మొదటిసారే. ముందు నవ్వుతారు, వేళాకోళమాడుతోందనుకుని. తర్వాత కూతురి మొహంలోకి చూస్తారు. ఆ తర్వాత తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంటారు.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాను నాన్నా."

"ఎప్పుడు చెప్పావ్? దినం చేశారా? ఎవరు చేశారు? నేనెక్కడున్నాను?"

ఇదంతా ముప్పావుగంట పడుతుంది. తర్వాత శ్యామల ఆఫీసుకి వెళ్ళిపోతుంది. కరెంటాఫీసులో పని. తొమ్మిదిన్నరకి నేను టీ తీసుకెళ్ళేసరికి ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఉంటారు.

"కళ్ళు మండుతున్నాయేంటి తాయారమ్మా? వంటింట్లో ఉల్లిపాయలు గానీ తరుగుతున్నారా?"

"ఆయ్, తరుగుతున్నారండి," అంటాను.

మాది కాకినాడ చివర, ఉప్పుటేరు పక్కనున్న పరిశోధనశాల. మెదడువాపు జ్వరం వచ్చి తగ్గాక, పాతవన్నీ గుర్తుండి కొత్తది ఏదీ నిలవని మనుషుల్ని ఇక్కడ ఉంచుతారు. అప్పటికి ముగ్గురున్నారు. కోటిలింగం గారు గోదావరి మీద ముప్పయ్యేళ్ళు లాంచీ నడిపిన సరంగు. కామేశ్వరి గారు లెక్కల టీచరు. మీరాసాబు దర్జీ. నేను ఆయాగా చేరాను. మధ్యాహ్నాలు వాళ్ళకి పొద్దుపోవటం కోసం గవ్వలాట ఆడిస్తూ కథ చెప్పేదాన్ని. కథలో మనుషులు వాళ్ళే, తలపెట్టిన పని అయిందా లేదా అన్నది గవ్వలు తేలుస్తాయి.

డాక్టర్ నరహరి గారు అప్పుడు ఒక టోపీ తయారు చేస్తున్నారు. తీగల టోపీ. తలకి పెట్టి మాటలు వినిపిస్తే ఆ మాటలు మెదడులో నిలవాలి. రెండేళ్ళు వినిపించారు. ఒక్కటీ నిలవలేదు. ఒకరోజు ఆ టోపీలు తియ్యకుండానే ఆటకి కూర్చున్నారు ముగ్గురూ. మర్నాడు నేను గదిలోకి రాగానే మీరాసాబు, "తాయారమ్మా, నిన్న ఆ మొసలి నా సంచీ ఎత్తుకుపోయింది, అది తేలాలి ముందు," అన్నాడు. జ్వరం వచ్చాక ఆయన నోట 'నిన్న' అనే మాట రావటం అదే మొదలు. చేతిలో ట్రే అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

డాక్టరు గారు నెలరోజులు యంత్రాల ముందు కూర్చుని కనిపెట్టింది ఇది. గవ్వలు చేతిలోంచి జారాక, బల్ల మీద ఆగేలోపు మనిషి ఊపిరి బిగబడుతుంది. ఏం పడుతుందోనని. ఆ రెప్పపాటులో మెదడు తలుపు తీస్తుంది. టోపీ ఆ తలుపుని కాసేపు పట్టి ఉంచుతుంది. అప్పుడు బల్ల దగ్గర జరిగింది లోపలికి పోతుంది. విన్న మాటలా కాదు, తనకి జరిగినదానిలా. అయితే ముందున్న దానికి అది అతుక్కోవాలి. అతకకపోతే పాతది కూడా చిరుగుతుంది.

ఆ చిరగటం కళ్ళారా చూశాను. మొదటి ఏడాదే డాక్టరు గారు ఎక్కడినుంచో అచ్చు కథ ఒకటి తెచ్చారు. పదహారు పేజీలు. మంచుకొండ మీద కోట, పదకొండు గదులు, చివర ఒక రాక్షసుడు. లాంచీ మీద నదిలో సాగే మా కథ మధ్యలో దాన్ని ఉన్నదున్నట్టు పెట్టించారు. నాకు చదవటానికి రెండు రోజులు పట్టింది, చెప్పటానికి ఒక్క పూట. లాంచీలో ఉన్నవాళ్ళు మంచుకొండ మీదికి ఎలా వచ్చారో అందులో లేదు. నాకూ తోచక, "తెల్లారేసరికి అక్కడున్నారు," అనేశాను. మర్నాడు కామేశ్వరి టీచరు గోడకి ఆనుకుని కూర్చుని వణికిపోతున్నారు. ఆవిడకి కోటా గుర్తులేదు, దానికి ముందు నాలుగు నెలల లాంచీ ప్రయాణమూ గుర్తులేదు. మనకైతే అది ఆట. వాళ్ళకి జ్వరం తర్వాత బతికిన బతుకు అదొక్కటే.

అందుకే శ్యామల వచ్చి అడిగినప్పుడు డాక్టరు గారు వెంటనే తల అడ్డంగా ఊపారు.

"ఆటలో జరిగినవన్నీ నాన్నకి గుర్తున్నాయి కదండీ," అంది శ్యామల. "అమ్మ పోయిన సంగతి కూడా ఆటలో పెట్టెయ్యండి. ఒక్కసారి ఏడుస్తారు. రోజూ ఏడవరు."

"అబద్ధం చెప్పి ఊరుకోవచ్చుగా? ఊరెళ్ళిందనో ఏదో," అన్నారాయన.

"చెప్పి చూశాను. సాయంత్రం దాకా గేటు దగ్గర నిలబడ్డారు."

డాక్టరు గారు నావైపు చూశారు. నాకు నా సంగతి గుర్తొచ్చింది. మా ఆయన పోయిన కబురు నాకు ఒక్కసారే తెలిసింది. ఆ ఒక్కసారితోనే పదేళ్ళు నడుస్తున్నాను.

"పెడదామండి," అన్నాను. "ఇంక నాకూ ఓపిక లేదు."

ఓపిక లేదనటానికి కారణం ఉంది. మా కథలో నది నానాటికీ ఉప్పగా మారిపోతోంది. ఎందుకో కనుక్కోవటానికి లాంచీ ఎగువకి పోతుంది. కోటిలింగం గారు సరంగు. వేరే వేషం వెయ్యమంటే ఒప్పుకోలేదు. ఎప్పుడూ అబద్ధమాడని టీచరు గారేమో దొంగ వేషం కావాలన్నారు. మీరాసాబు వైద్యుడు. మొదటి ఏడాదిలోనే సరంగు గారు ఒక మాటన్నారు: "మా ఆవిడ నాగరత్నం ఎగువరేవులో ఉంటాది. దారేగా, దిగి పలకరిద్దాం." ఆ మాట అందరికీ గుర్తుంది. ఇంతలో నిజంగా నాగరత్నం గారు పోయారు. అప్పటినుంచి లాంచీని ఎగువరేవు చేరనివ్వకుండా నేను అడ్డం పడుతున్నాను. ఇసుకమేటలు వేశాను. ఇంజను చెడగొట్టాను. ఒక ఊళ్ళో పెళ్ళి చేయించాను, ఇంకో ఊళ్ళో దొంగతనం మోపి జైల్లో వేయించాను. పధ్నాలుగు నెలలుగా పిట్టకథ మీద పిట్టకథ.

"ఎన్ని మేటలండీ బాబూ," అని టీచరు గారు విసుక్కునేవారు. "ఇది నదా, ఇసుక ర్యాంపా?"

ఆ శుక్రవారం టీ గదిలో డాక్టరు గారు, శ్యామల, నేను కూర్చున్నాం. డాక్టరు గారు చివరికి ఒప్పుకుని ఒక కాగితం రాసుకొచ్చారు. అందులో ఒక మనిషి పడవేసుకొచ్చి సరంగు చేతికి ఉత్తరం ఇస్తాడు. పట్నంలో ఆస్పత్రిలో భార్య పోయిందని అందులో ఉంటుంది.

"ఆ నది మీద ఆస్పత్రి లేదండి," అన్నాను. "మూడేళ్ళ నుంచి ఎవరికి ఏ జబ్బు చేసినా మీరాసాబు మందే. ఇప్పుడు ఆస్పత్రుందంటే ముందు ఆయనే కొట్లాటకొస్తాడు. పైగా ఉత్తరమైతే గవ్వలెందుకు వేస్తారు? గవ్వలు లేకపోతే తలుపు తీసుకోదు కదా."

"మరి?"

"పిట్టకథ కోసం పెద్దకథని వంచకూడదండి. పిట్టకథనే వంచాలి. అక్కడికి వెళ్ళే కారణం వాళ్ళ నోటినుంచి వచ్చిందే అవ్వాలి. అది ఎప్పుడో వచ్చింది. ఏం జరిగినా అది నది చేసిందే అవ్వాలి. అయిపోయాక లాంచీ మళ్ళీ అదే నీళ్ళలో, అదే దారిన పోవాలి. ఎగువరేవుకి వరదొస్తుంది. వీళ్ళు వెళ్ళేసరికి ఆవిడ ఉండదు."

శ్యామల చాలాసేపు గ్లాసు చుట్టూ వేలు తిప్పింది.

"నేనుంటానా అక్కడ?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు.

"ఉంటే ఆయన నిన్నూ బయటికి లాగాలని చూస్తారమ్మా. గవ్వలు అటూఇటూ పడితే నిన్నూ పోగొట్టుకుంటారు. అది గుర్తుండిపోతే, రేపు నువ్వు డబ్బా పట్టుకుని ఎదురుగా నిలబడితే ఏమైపోతారు?"

"అయితే అమ్మ పోయినప్పుడు నేను లేను."

"ఆయన లెక్కలో లేవు."

"పదిహేడు రోజులండీ," అంది నా వంక చూడకుండా. తర్వాత గ్లాసు కడిగి బోర్లించింది. "సరే. కానివ్వండి."

సోమవారం మధ్యాహ్నం దాకా ఆగకుండా పదింటికే ఆట మొదలుపెట్టాను. ముగ్గురికీ టోపీలు పెట్టారు. అద్దం అవతల గదిలో డాక్టరు గారు, ఆయన పక్కన సెలవు పెట్టి వచ్చిన శ్యామల.

నీళ్ళ రంగు మారిందన్నాను. తాటిదూలాలు కొట్టుకొస్తున్నాయన్నాను. ఒక గంప, ఒక దూడ, ఒక తలుపు. కోటిలింగం గారు కుర్చీలో ముందుకి జరిగారు. వరద ఆయనకి కొత్తకాదు.

"ఎంత ఎత్తుంది నీరు?"

"ఎగువరేవు గుడి గంట మునిగిందండి."

"అంటే మా వీధి మునిగినట్టే. టీచరమ్మా, తాళ్ళు విప్పండి. మీరాసాబూ, ముందుకెళ్ళి దూలాలు చూసి కేకెయ్యి. తాయారమ్మా, ఈసారి మేటలూ గీటలూ అన్నావంటే ఊరుకోను."

"ఈసారి లేవండి," అన్నాను.

నేను అనుకున్నది ఇదీ. చీకటి పడేలోగా రేవు చేరటానికి గవ్వలు వెయ్యమనాలి. ఎలా పడినా ఆవిడ అప్పటికే పోయి ఉంటుంది. తొందరగా చేరితే మొహం చూస్తారు, ఆలస్యమైతే బూడిద చూస్తారు. శని, ఆదివారాలు రెండూ ఆ మాటలే వల్లె వేసుకున్నాను. తీరా సరంగు గారు ఆరు గవ్వలూ గుప్పిట్లోకి తీసుకోగానే, మూడేళ్ళుగా రోజుకి ఇరవైసార్లు అనే మాటే నా నోట్లోంచి ఊడిపడింది.

"దేనికోసం వేస్తున్నారు?"

మా ఆటలో అది వేసేవాళ్ళ హక్కు. వాళ్ళు చెప్పాక ఇంక నేను మార్చకూడదు. నాలిక కరుచుకునేలోపే మీరాసాబు అందుకున్నాడు.

"అదేం ప్రశ్నండీ! ఆవిణ్ణి లాంచీ ఎక్కించటానికి!"

"ఈసారి నా వంతు కూడా ఆయనకే వదిలేస్తున్నా," అన్నారు టీచరు గారు.

"నాదీనూ. వెయ్యండి సరంగు గారూ, బిస్మిల్లా అని!"

గవ్వలు దొర్లాయి. టోపీల మీద దీపాలు ముగ్గురివీ ఒక్కసారి పచ్చగా వెలిగాయి, తలుపు తెరుచుకున్న గుర్తుగా. ఆరు గవ్వలూ వెల్లకిలా పడ్డాయి.

ఆరూ వెల్లకిలా పడితే ఏం జరిగిందో వేసినవాళ్ళే చెబుతారు. నేను వేలు పెట్టకూడదు. మూడేళ్ళలో అలా నాలుగే నాలుగుసార్లు పడ్డాయి.

అద్దం మీద డాక్టరు గారు వేళ్ళతో కొట్టారు. ఆపెయ్యమని. దీపాలు వెలుగుతుండగా టోపీలు తీస్తే పాతది కూడా చిరుగుతుందని ఆయనకీ తెలుసు. లాంచీ చేరకముందే వాళ్ళింటి కప్పు కూలి ఆవిడ పోయిందని నేను అనొచ్చు. అంటే టీచరు గారు వెంటనే "తొండి!" అంటారు. ఆ మాట నిజమే అవుతుంది. ఈ బల్ల దగ్గర ఒక్కసారి తొండి జరిగితే ఇక ఏ మాటా ఎవరికీ అతకదు. ఊరుకుంటే, భార్యని వరదలోంచి కాపాడుకున్నానని ఆయనకి చచ్చేదాకా గుర్తుంటుంది. రోజూ పొద్దున్నే అడుగుతారు, కూతురు చెప్పేది అబద్ధమని గట్టిగా తెలిసిన మనిషిలా అడుగుతారు. శ్యామల వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"చెప్పండి సరంగు గారూ," అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు.

"లాంచీ ఇంటి పక్కకి చేర్చాను. కప్పు మీద కూచునుంది. కొప్పూడిపోయింది. నన్ను చూడగానే తిట్టింది. 'ఇప్పుడా రావటం? రెండేళ్ళ నుంచి ఇదిగో వస్తన్నా అదిగో వస్తన్నా అనటమేగా' అంది."

మీరాసాబు పకపకా నవ్వాడు. "పడాలి సరంగు గారూ, పడాలి!"

ఆ తిట్టు తగలాల్సింది నాకు.

"చెయ్యిచ్చాను. ఎక్కింది."

మీరాసాబు బల్ల చరిచాడు. టీచరు గారు చప్పట్లు కొట్టారు. అద్దం అవతల డాక్టరు గారు కుర్చీలో కూలబడ్డారు. నేను తర్వాతి మాట కోసం వెతుక్కుంటున్నాను. కానీ కోటిలింగం గారు కళ్ళు తెరవలేదు. ఆయన చెప్పటం అయిపోలేదు.

"ఎక్కాక చూశాను. కాళ్ళు వాచిపోయున్నాయి. వేలుతో నొక్కితే గుంట పడింది. పడిన గుంట పడినట్టే ఉంది."

అది నా కథలో లేదు.

"నేనున్నానుగా," అన్నాడు మీరాసాబు కంగారుగా. "మందు నా సంచీలోనే ఉంది. గవ్వలు ఇలా ఇవ్వండి, వేస్తాను."

సరంగు గారు బల్ల మీది గవ్వల్ని అరచేత్తో కప్పేశారు.

"ఆరు పడ్డాయి మీరాసాబూ. చెప్పేది నేను." "మందొద్దంది. 'అలిసిపోయానయ్యా, ఇంక పొడవొద్దని చెప్పు వాళ్ళకి' అంది. ఎవరు పొడిచారో ఏంటో. అడగలేదు నేను. ఇంజను ఆపేశాను. ఇంజనుంటే మాట వినపడదు కదా. నా ఒళ్ళో తల పెట్టుకుంది. లాంచీ ఎటు పోతే అటు పోనిచ్చాను. ముప్పయ్యేళ్ళలో ఎప్పుడూ అలా వదల్లేదు. కాసేపటికి తల బరువెక్కింది. అంతే."

టీచరు గారు కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నారు.

"ఎవరు చెప్పారండీ మీకిదంతా?" అన్నారు టీచరు గారు నెమ్మదిగా.

"ఎవరో చెప్పటమేంటి టీచరమ్మా? నేను పక్కనేగా ఉన్నాను!"

ఇంక మిగిలింది నా పని. ఆయన తెచ్చి పెట్టిన దాన్ని పెద్దకథకి అతకాలి. ఒడ్డు చేర్చాను. కట్టెలు దొరికాయా లేదా అని టీచరు గారి చేత గవ్వలు వేయించాను. దొరికాయి. ముగ్గురూ నదిలో తలారా మునిగారు. నీళ్ళు నోట్లోకి పోతే ఉప్పగా ఉన్నాయన్నాను. దాంతో ఎందుకు బయలుదేరామో వాళ్ళకి మళ్ళీ గుర్తొచ్చింది. కథలో మూడు రోజులు సరంగు గారు చక్రం ముట్టుకోలేదు, టీచరు గారు నడిపారు. నాలుగోరోజు ఆయన లేచి వచ్చి, "జరగండి, రాళ్ళున్నాయి ముందు," అన్నారు. అక్కడ ఆపేశాను. దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. ఎవరిదీ ఎర్రబడలేదు, అంటే ఎక్కడా చిరగలేదు.

శ్యామల అద్దం గదిలోంచి బయటికి వచ్చి కారిడార్లో నిలబడింది.

"ఇంక సూదులు పొడవొద్దని చెప్పవే అని అమ్మ ఆస్పత్రిలో నాతో అంది. నేను నాన్నకి చెప్పింది ఒకటి రెండుసార్లేనండీ, మొదట్లో ఎప్పుడో. తర్వాత చెప్పటం మానేశాను. చెప్పలేక."

"ఏదో ఒకటి లోపలికి పోతూనే ఉందన్నమాట," అన్నారు డాక్టరు గారు. ఆయన చేతిలో కాగితం ఉంది గానీ ఏమీ రాయలేదు.

"ఆ ఒడి నాదండీ తాయారమ్మ గారూ," అంది శ్యామల. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

ఆ మధ్యాహ్నం మీరాసాబు అన్నం ముట్టలేదు. "మందు సంచీలోనే ఉందండీ," అన్నాడు నాతో. సాయంత్రం మళ్ళీ అన్నాడు. ఇంక ఆయన ఆ మాట మరిచిపోడు. ఎన్నడూ చూడని మనిషి కోసం, ఇవ్వలేకపోయిన మందు కోసం ఆయనకి ఆ నొప్పి ఉండిపోతుంది. ఒకరి కన్నీళ్ళు తగ్గించబోయి ముగ్గురికి పంచాను. కోటిలింగం గారి కోసమైతే కూతురు అడిగింది, మిగతా ఇద్దరి సంగతి ఎవరూ తలవలేదు, నేనూ వాళ్ళని అడగలేదు. ఆ తప్పు నాది.

మర్నాడు నేను ఏడింటికే వచ్చాను. కోటిలింగం గారు బెంచీ మీద ఉన్నారు. గడ్డం గీసుకోలేదు. శ్యామల గేటు తీసుకుని రావటం చూశారు. ఆ పిల్ల డబ్బా ఛాతీకి ఆనించి పట్టుకుని నెమ్మదిగా నడిచింది. దగ్గరికొచ్చి ఆగింది. ఆ ప్రశ్న కోసమని నాకు తెలుస్తూనే ఉంది.

ఆయన అడగలేదు. పక్కకి జరిగి చోటిచ్చారు.

"కూచోమ్మా. ఆ డబ్బా కింద పెట్టు. నీకో సంగతి చెప్పాలి."

కూర్చుంది.

"ఎలా చెప్పాలో తెలియట్లేదు. మీ అమ్మ పోయిందే. వరదొచ్చింది. నేను వెళ్ళేసరికే కాళ్ళవాపు. నేను పక్కనే ఉన్నాను, బాధపడలేదు. నీకు కబురు పెడదామంటే చుట్టూ నీళ్ళు, ఎలా పెట్టను? అదే నాకు..." ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు లేకుండానే అయిపోయిందమ్మా."

శ్యామల నోరు తెరిచింది. నావైపు చూసింది. ఒక్క మాట అంటే చాలు, పదిహేడు రోజులూ తన దగ్గరికి తిరిగొస్తాయి. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. అంటే అననీ అనుకున్నాను.

అనలేదు. డబ్బా పక్కన పెట్టి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. తల్లి పోయినప్పటినుంచి ఆ పిల్ల కంట నీళ్ళు నేను చూడలేదు. ప్రతి పొద్దునా ఏడ్చే మనిషి వేరే ఉండబట్టి తనకి వంతు రాలేదు. ఇప్పుడు చిన్నపిల్లలా, భుజాలు ఎగిసిపడేలా ఏడ్చింది.

కోటిలింగం గారు తువ్వాలు తీసి కూతురి మొహం తుడిచారు. తల తన భుజానికి ఆనించుకున్నారు.

"ఏడువమ్మా, ఏడువు," అన్నారు. "మొదటిసారి వింటన్నావు కదా. అలాగే ఉంటాది."